పీపా వెనక మనిషి

కయానిలో డిసెంబరు సూర్యుడు
మధ్యాహ్నం రెండింటికే దుకాణం కట్టేస్తాడు.
ఆరింటికి మేం కలిసేసరికి
చీకటి అప్పటికే పాతబడి ఉంటుంది.

హిల్కా వాళ్ళ అపార్ట్‌మెంట్ కింద
బట్టలుతికే గదికి పక్క గది.
గోడవతల ఎవరివో దుప్పట్లు గిరగిరా తిరుగుతుంటాయి.
బల్ల మీద కోట పటం, తగరపు సిపాయిలు, యాలకుల రొట్టె,
నాలుగొందల పేజీల నియమాల పుస్తకం.
అట్ట ఊడకుండా దానికి సైకిల్ ట్యూబు ముక్కతో పట్టీ.

రైమోది దొంగ పాత్ర. పేరు నీడకాలు.
కోట వంటింట్లో ఉప్పుచేపల పీపా వెనక్కి దూకి
"దాక్కున్నాను" అన్నాడు.
ఇరవై ముఖాల పాచిక దొర్లి
పద్ధెనిమిది దగ్గర ఆగింది.

"నువ్వు దూకడం కాపలావాడు చూశాడుగా!" యూసో లేచాడు.
"చూస్తే ఏం? ఇప్పుడు కనపడట్లేదుగా."
"కనపడకపోవడం వేరు,
ఉన్నావని తెలియకపోవడం వేరు."
"పుస్తకం తియ్యి."

తీశాం.
ఒక్కటే వాక్యం, ప్లీడర్ల కోసమే రాసినట్టు:
చూపు పడనంతసేపే దాపు.

పడటమంటే?
కంటికి తగలడమా, బుర్రకి తగలడమా?
కొవ్వొత్తి వెలుగు పీపా దాకా వస్తుందా?
కొవ్వొత్తి ఎంత పొడవు?
పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినప్పుడు
ఆ పిల్లికి పాచికలో ఎంత పడి ఉంటుంది?
యూసో రుజువు చూపిస్తానని
కోట్లు తగిలించిన కొయ్య వెనక నిలబడ్డాడు.
మనిషి మాయం.
ఎర్ర ఉన్ని మేజోళ్ళు మాత్రం
మా అందరినీ పలకరిస్తున్నాయి.

నలభై నిమిషాలు. టీ చల్లారింది.

ఆట నడిపేది హిల్కా. అద్దాలు తుడుచుకుంటూ అంది:
"దాక్కోవడం నీ చేతిలో లేదు రైమో.
పాచిక వేసేది నువ్వే,
ఫలితం ఉండేది వాడి తలలో."

"ఎప్పటిదాకా దాగినట్టు?"

"వాడు వెతికేదాకా."

కాపలావాడి పాచిక కైసు చేతికిచ్చింది హిల్కా.
కైసు మా వైద్యురాలు; ఆటలో.
ఆట బయట, రైమో భార్య.
వేసింది. అది ఆగీ ఆగకముందే
దాని మీద అరచెయ్యి మూసింది.

"ఏం కనపడలేదు" అంది.
"వాడు కిటికీ వైపు తిరిగి మంచు చూస్తున్నాడు."

నేను ఆమె పక్కనే కూర్చున్నాను.
వేళ్ళ సందులోంచి చూశాను.
ఇరవై.

రైమో పిడికిలి గాల్లోకి ఎత్తాడు.
నీడకాలు తాళంచెవి కొట్టేసి,
కాపలావాడి మోచెయ్యి రాసుకుంటూ బయటపడ్డాడు.

రంపపు మిల్లు అక్టోబరులో మూతపడింది.
రైమో ఇంకా ఆరూ నలభైకే ఇంట్లోంచి బయల్దేరతాడు,
థర్మాసుతో, అన్నం డబ్బాతో.
నేను గ్రంథాలయంలో పనిచేస్తాను.
తొమ్మిదికి తలుపు తీస్తే మెట్ల మీద ఉంటాడు.
పత్రికల గదిలో, స్తంభానికి అవతలి కుర్చీ.
నేను పలకరించను.
అతనికి ఆ కుర్చీలో పద్ధెనిమిది పడిందని
అతను అనుకుంటున్నాడు.

ఆ రాత్రి పుస్తకం అడిగి తీసుకున్నాను.
వెనక అకారాది సూచిక వెతికాను.
చీకటి ఉంది. చాటు ఉంది. చెవులు రిక్కించుట ఉంది.
చూసి ఊరుకొనుట లేదు.
అది ఎవరి వంతులో చెయ్యాలో,
ఎన్ని వంతులు నిలుస్తుందో,
దానికి ఒంట్లోంచి ఎంత బలం తగ్గుతుందో
ఎక్కడా రాయలేదు.

పుస్తకం అడగడానికి ముందు మాట ఇది.
అందరం కోట్లు తొడుక్కుంటున్నాం.
"ఆ నియమం వచ్చేవారం తేలాల్సిందే" అంటున్నాడు యూసో,
ఒక మేజోడు కనపడక బల్లకింద దేవులాడుతూ.
కైసు మిగిలిన రొట్టె రెండు ముక్కలు
కాగితంలో చుట్టింది.

"రేపు డ్యూటీలో తిను."

"ఊఁ" అన్నాడు రైమో,
మంచులోకి తలుపు తెరుస్తూ.